‘ఇఫ్’ వాక్యాలలో గతకాలం ఎందుకు? – పాఠకుల ఆంగ్ల వ్యాకరణ సందేహాలు

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల పాఠకుల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆంగ్లంలోని షరతు వాక్యాలను గురించినవే. అందువల్ల ఈ సంచికలో ఆ విషయానికే పరిమితమవుతున్నాం.

ప్రశ్న: మాకు కళాశాలలో షరతు వాక్యాలను ఒకటో రకం, రెండో రకం, మూడో రకం అని మూడు సూత్రాలుగా చెప్పారు. సూత్రాలు కంఠతా వచ్చు, పరీక్షలో ఖాళీలు నింపగలను. సొంతంగా మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రం ఏ రకం వాడాలో తోచదు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ ఎ స్కూటర్, ఐ వుడ్ గో టు రామతీర్థం టుడే’ అన్న వాక్యాన్నే తీసుకోండి. వెళ్లాలనుకుంటున్నది ఈ రోజు, స్కూటర్ లేనిది ఇప్పుడు. మరి ‘హ్యాడ్’ అనే గతకాల క్రియ అక్కడికి ఎందుకు వచ్చింది?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: మీరు అడిగిన ‘ఎందుకు’కు సమాధానం దొరికితే ఆ మూడు సూత్రాలనూ విడివిడిగా గుర్తుపెట్టుకోవలసిన అవసరం చాలావరకు తీరిపోతుంది. ఆంగ్లంలో గతకాల రూపం గడిచిపోయిన కాలాన్ని చెప్పడానికి మాత్రమే లేదు. మాట్లాడే మనిషి తాను చెబుతున్న విషయాన్ని ఎదుట ఉన్న వాస్తవానికి కొంత ఎడంగా ఉంచాలనుకున్నప్పుడు కూడా అదే రూపాన్ని వాడతాడు. ఆ ఎడం కాలానిది కావచ్చు, నిజానికీ ఊహకూ మధ్య ఉన్నది కావచ్చు, మర్యాద కోసం పాటించేది కావచ్చు. ‘ఐ విష్ ఐ న్యూ హర్ అడ్రస్’ అన్నప్పుడు చిరునామా తెలియనిది ఇప్పుడే. పై అధికారి గదిలోకి వెళ్లి ‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్’ అన్నప్పుడు అడగాలన్న కోరికా ఇప్పటిదే. మొదటి వాక్యంలో గతకాల రూపం ఆ సంగతి నిజం కాదని తెలుపుతోంది, రెండో వాక్యంలో మాటను మెత్తబరుస్తోంది. మీ వాక్యంలోని ‘హ్యాడ్’ మొదటి పనే చేస్తోంది: నా దగ్గర స్కూటర్ లేదు, ఉన్నట్టు ఊహించుకుంటున్నాను.

ఇది మనకు పరాయి పద్ధతి కాదు. ‘డబ్బుంటే ఇల్లు కొంటాను’ అని ఒకరు, ‘డబ్బుంటే ఇల్లు కొనేవాణ్ణి’ అని మరొకరు అన్నారనుకోండి. మొదటి మనిషికి డబ్బు అందే ఆశ ఉందనీ, రెండో మనిషికి లేదనీ వినేవారికి వెంటనే తెలుస్తుంది. ‘కొనేవాణ్ణి’ అన్న క్రియ మామూలుగా గతంలోని అలవాటును చెప్పేది. ‘చిన్నప్పుడు ఏటా సిరిమాను పండగలో బొమ్మలు కొనేవాణ్ణి’ అంటాం కదా. అలవాటును చెప్పే ఆ గతకాల రూపాన్నే మనం జరగని పనికి కూడా వాడుతున్నాం. ఆంగ్లంలో ‘వుడ్’ సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది. ‘యాజ్ ఎ బాయ్, ఐ వుడ్ బై టాయ్స్ ఎట్ ది ఫెస్టివల్’ అంటే పాత అలవాటు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్’ అంటే ఊహ. ఇంత దగ్గరి పోలికను తరగతి గదిలో ఎవరూ చూపించకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే తెలుగు పిల్లలకు ఈ పాఠం సగం ముందే వచ్చు.

రాని సగం ఏమిటో కూడా ఇక్కడే కనిపిస్తుంది. తెలుగులో షరతును చెప్పే ‘ఉంటే’, ‘వస్తే’, ‘చేస్తే’ వంటి రూపాలను మన వ్యాకరణంలో చేదర్థకాలు అంటారు. పైన చెప్పిన రెండు వాక్యాలలోనూ ‘డబ్బుంటే’ అన్న భాగం ఏమీ మారలేదు. నిజమా, ఊహా అన్న తేడా అంతా చివరి క్రియలోనే ఉంది. ఆంగ్లం ఆ తేడాను రెండు భాగాలలోనూ చూపించమంటుంది. మన అలవాటు కొద్దీ చివరి క్రియను మాత్రమే మార్చి, ముందు భాగాన్ని అలాగే వదిలేస్తాం. అలా పుట్టిందే ‘ఇఫ్ ఐ హావ్ మనీ, ఐ వుడ్ బై ఎ హౌస్’ అన్న తప్పు వాక్యం. తెలుగువారు రాసే ఆంగ్లంలో తరచుగా కనిపించే తప్పు ఇదే.

కాబట్టి రకాల సంఖ్యలను పక్కన పెట్టి, వాక్యం మొదలుపెట్టే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ షరతు నిజమయ్యే వీలుందని భావిస్తున్నానా, లేక నిజం కాదని తెలిసీ ఊహిస్తున్నానా? నేను మాట్లాడుతున్నది ఏ కాలం గురించి? వీలుందని భావిస్తే క్రియలు తమ మామూలు కాలాలలోనే ఉంటాయి. ‘ఇఫ్ ది స్కై ఈజ్ క్లియర్ ఆన్ దోజ్ డేస్, ది మార్నింగ్ రేస్ టచ్ ది ఫీట్ ఆఫ్ ది డీటీ ఎట్ అరసవల్లి’ అంటే ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ ఆ కొద్ది రోజులు మబ్బు లేకపోతే అరసవల్లి స్వామి పాదాలపై కిరణాలు పడతాయని అర్థం. ఎప్పుడూ జరిగేదే కనుక రెండు చోట్లా వర్తమాన కాలం ఉంది. అదే మాట రేపటి ఉదయం గురించి అయితే ‘ఇఫ్ ది స్కై ఈజ్ క్లియర్ టుమారో, ది రేస్ విల్ టచ్ ది ఫీట్’ అవుతుంది. నిజం కాదని తెలిసి ఊహిస్తున్నప్పుడు మాత్రం క్రియ ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది: ఇప్పటి ఊహకు గతకాల రూపం, గతాన్ని గురించిన ఊహకు ‘హ్యాడ్’తో కూడిన పూర్ణ గతకాల రూపం. రెండో భాగంలో మొదటిదానికి ‘వుడ్’, రెండోదానికి ‘వుడ్ హావ్’ వస్తాయి. అవసరాన్ని బట్టి ‘వుడ్’ స్థానంలో ‘కుడ్’, ‘మైట్’ కూడా రావచ్చు.

మూడు రకాల పట్టికలో అసలు చోటు దొరకని వాక్యాలు కూడా ఈ ప్రశ్నలకు లొంగుతాయి. ‘ఇఫ్ హి లెఫ్ట్ పలాస ఎట్ సిక్స్, హి ఈజ్ ఇన్ శ్రీకాకుళం బై నౌ’ అన్న వాక్యం చూడండి. ‘లెఫ్ట్’ గతకాలమే, అయినా ఇక్కడ ఊహ లేదు. అతను ఆరింటికి బయలుదేరాడో లేదో చెప్పేవారికి తెలియదు, బయలుదేరి ఉండవచ్చు. కనుక ఇది నిజమైన గతకాలం. పట్టికను మాత్రమే నమ్ముకున్న విద్యార్థి గతకాల క్రియ కనబడగానే రెండో భాగంలో ‘వుడ్’ పెట్టి వాక్యాన్ని పాడుచేస్తాడు.

ప్రశ్న: మాది జీడిపప్పు వ్యాపారం. ఇతర రాష్ట్రాల కొనుగోలుదారులకు ఆంగ్లంలో ఈమెయిళ్లు నేనే రాస్తాను. ‘ఇఫ్ ది అడ్వాన్స్ విల్ కమ్ ఆన్ మండే, వి విల్ సెండ్ ది లోడ్ ఆన్ ట్యూస్‌డే’ అని రాస్తే మా అబ్బాయి మొదటి ‘విల్’ తప్పు అంటున్నాడు. డబ్బు రావలసింది రాబోయే సోమవారం కదా, భవిష్యత్తు కాదా?
– వ్యాపారి, పలాస

జవాబు: మీ అబ్బాయి చెప్పినదే సరి. ‘ఇఫ్ ది అడ్వాన్స్ కమ్స్ ఆన్ మండే’ అని రాయండి. మాట భవిష్యత్తుదే అయినా, రెండో భాగంలోని ‘విల్’ వాక్యం మొత్తం ఏ కాలానిదో చెప్పేసింది కనుక షరతు భాగంలో ఆంగ్లం దాన్ని మళ్లీ కోరదు. ఇది ‘ఇఫ్’ ఒక్కదానికే చెందిన నియమం కాదు. ‘వెన్’, ‘అంటిల్’, ‘బిఫోర్’, ‘యాజ్ సూన్ యాజ్’ వంటి మాటల తర్వాత కూడా రాబోయే కాలాన్ని వర్తమాన రూపంతోనే చెబుతారు. ‘వెన్ ది లారీ రీచెస్ యు, ప్లీజ్ కౌంట్ ది టిన్స్’ అనాలి. ‘వెన్ ది లారీ విల్ రీచ్ యు’ అనకూడదు.

అయితే ‘ఇఫ్’ తర్వాత ‘విల్’ ఎన్నడూ రాదని మీ అబ్బాయి అంటే ఒప్పుకోకండి. ఎదుటివారి సమ్మతిని అడుగుతున్నప్పుడు అది నిక్షేపంగా వస్తుంది. ‘ఇఫ్ యు విల్ బేర్ ది ఫ్రైట్, వి విల్ రెడ్యూస్ ది రేట్’ అంటే కిరాయి భరించడానికి మీరు ఒప్పుకుంటే మేము ధర తగ్గిస్తామని అర్థం. అక్కడి ‘విల్’ కాలాన్ని కాక ఇష్టాన్ని చెబుతోంది. అడ్వాన్సు మనిషి కాదు కాబట్టి దానికి ఇష్టాయిష్టాలు ఉండవు. మీ వాక్యంలో ‘విల్’ నిలవకపోవడానికి కారణం అదే. మర్యాద మరింత చూపాలంటే ‘ఇఫ్ యు వుడ్ కైండ్లీ కన్ఫర్మ్ ది ఆర్డర్’ అని కూడా రాయవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో చదువుకుంటోంది. ఫోనులో ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్, ఐ వుడ్ హావ్ కాల్డ్’ అంటుంది. అక్కడ అందరూ అలాగే అంటారట. నేను ఉన్నత పాఠశాలలో ఇది తప్పని పిల్లలకు చెబుతున్నాను. ఎవరిది సరైనది?
– ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: మీ అమ్మాయి చెబుతున్నది అబద్ధం కాదు. అమెరికాలో మామూలు సంభాషణలలో ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’ అన్న వాడుక బాగా వినిపిస్తుంది. అయినా రాతలోనూ పరీక్షలలోనూ ఉద్యోగ ప్రసంగాలలోనూ అక్కడ కూడా దానిని ఒప్పుకోరు, ‘ఇఫ్ ఐ హ్యాడ్ నోన్’ అన్నదే నిలుస్తుంది. మీరు బోధిస్తున్నది సరైనదే, మానవద్దు. ఈ తికమకకు దోహదం చేసే విషయం ఒకటుంది. మాటల్లో ‘ఐ హ్యాడ్’, ‘ఐ వుడ్’ రెండూ కుదించుకుపోయి ‘ఐడ్’ అనే ఒకే ధ్వని అవుతాయి. ‘ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హావ్ కాల్డ్’ అన్న వాక్యాన్ని చెవితో మాత్రమే విన్నవారికి మొదటి ‘ఐడ్’ వేరు, రెండో ‘ఐడ్’ వేరు అని తెలియడం కష్టం. పిల్లలకు చెప్పేటప్పుడు ఒక ఆనవాలు చూపించండి: ‘ఐడ్’ వెనకే ‘హావ్’ ఉంటే అది ‘వుడ్’, లేకుండా నేరుగా ‘నోన్’, ‘గాన్’, ‘సీన్’ వంటి రూపం వస్తే అది ‘హ్యాడ్’.

గతాన్ని గురించిన ఊహను మన జిల్లాలో బోధించడానికి ఉదాహరణలు వెతుక్కోనక్కరలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తితిలి తుపాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ‘ఇఫ్ తితిలి హ్యాడ్ నాట్ కమ్, దోజ్ ట్రీస్ వుడ్ నాట్ హావ్ ఫాలెన్’ అంటే ఆ తుపాను రాకపోయి ఉంటే ఆ చెట్లు పడిపోయేవి కావు. రెండు భాగాలూ గడిచినవే. కానీ ఉద్దానం రైతు మనసులో అంతకన్నా పెద్ద మాట ఉంటుంది. కొబ్బరి మొక్క నాటిన కొన్నేళ్లకు గాని కాపుకు రాదు. ఆనాటి నష్టం ఆనాటితో తీరలేదు. దానిని చెప్పాలంటే ‘ఇఫ్ తితిలి హ్యాడ్ నాట్ కమ్, అవర్ ఓల్డ్ గ్రోవ్ వుడ్ స్టిల్ బి స్టాండింగ్ టుడే’ అనాలి. షరతు గతానిది, ఫలితం ఈనాటిది. అందుకే మొదటి భాగంలో ‘హ్యాడ్’ వచ్చింది, రెండో భాగంలో ‘హావ్’ లేకుండా ‘వుడ్’ వచ్చింది. పాఠ్యపుస్తకాలు దీనిని మిశ్రమ రకమని పేరు పెట్టి చివరి పేజీలలోకి నెట్టివేస్తాయి. ప్రతి భాగానికీ దాని కాలాన్ని విడిగా అడిగితే అందులో ప్రత్యేకమైన చిక్కు ఏమీ లేదు.

తిరగేసిన అమరిక కూడా ఉంటుంది. సరిహద్దు మండలాల నుంచి ఒడిశాకు పనులకు వెళ్లేవారిని దృష్టిలో పెట్టుకుని ‘ఇఫ్ హి న్యూ ఒడియా, హి వుడ్ హావ్ టేకెన్ దట్ జాబ్ ఇన్ బరంపురం లాస్ట్ ఇయర్’ అన్న వాక్యం ఇవ్వండి. అతనికి ఒడియా నిరుడూ రాదు, ఇప్పటికీ రాదు. ఉద్యోగం పోయింది మాత్రం నిరుడే. మీ విద్యార్థుల చేత ఈ రెండు నమూనాలలో తమ ఊరి సంగతులతో వాక్యాలు రాయించండి. ఖాళీలు నింపించే అభ్యాసాల కంటే ఇది ఎంతో మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: ‘ఇఫ్ ఐ వాజ్’ అనాలా, ‘ఇఫ్ ఐ వర్’ అనాలా?
– గృహిణి, బొబ్బిలి

జవాబు: ఊహను చెప్పేటప్పుడు రెండూ వాడుకలో ఉన్నాయి. రాతలో ‘ఇఫ్ ఐ వర్’ మేలు, ‘ఇఫ్ ఐ వర్ యు’ అన్న సలహా వాక్యంలో అయితే దానినే వాడండి. నిజంగా జరిగి ఉండగల గత విషయానికి మాత్రం ‘వర్’ పెట్టకూడదు. ‘ఇఫ్ ఐ వాజ్ రూడ్ యస్టర్‌డే, ఐ యామ్ సారీ’ అనాలి, ఎందుకంటే నిన్న నేను దురుసుగా మాట్లాడి ఉండవచ్చు.

ప్రశ్న: ‘ఇఫ్ ఐ గెట్ ది జాబ్’, ‘ఇఫ్ ఐ గాట్ ది జాబ్’ రెండూ రాబోయే ఉద్యోగం గురించినవే, రెండూ సరైనవే అని ఒక పుస్తకంలో చదివాను. ఒకే సంగతికి రెండు కాలాలు ఎలా సరిపోతాయి? పరీక్షలో ఏది రాస్తే మార్కు వస్తుంది?
– ఉపాధ్యాయ నియామక పరీక్షకు సిద్ధమవుతున్న పాఠకుడు, సోంపేట

జవాబు: పరీక్షలో రెండో భాగాన్ని చూసి నిర్ణయించుకోవచ్చు: అక్కడ ‘విల్’ ఉంటే ‘గెట్’, ‘వుడ్’ ఉంటే ‘గాట్’. మార్కు సంగతి అంతటితో సరి. మీ మొదటి ప్రశ్న మాత్రం చాలా విలువైనది, దానిని అలా వదిలేయలేను.

వ్యాకరణం ఇక్కడ సంగతిని కొలవదు, చెప్పేవారి దృష్టిని చెబుతుంది. ఉద్యోగం ఒకటే, ఇద్దరు అభ్యర్థుల అవకాశాలూ సమానమే కావచ్చు. ఒకరు ‘ఇఫ్ ఐ గెట్ ది జాబ్, ఐ విల్ మూవ్ టు టెక్కలి’ అంటే వస్తుందన్న లెక్కతో ఇల్లు చూసుకుంటున్నారని వినేవారు గ్రహిస్తారు. మరొకరు ‘ఇఫ్ ఐ గాట్ ది జాబ్, ఐ వుడ్ మూవ్ టు టెక్కలి’ అంటే వస్తుందన్న ఆశ తక్కువనో, అంత పెద్దమాట పైకి అనడానికి సంకోచిస్తున్నారనో తెలుస్తుంది. రెండూ నిర్దుష్టమైన వాక్యాలే. మౌఖిక పరీక్షలో మాత్రం ఈ తేడా మీ మీద నమ్మకాన్ని పెంచగలదు, తగ్గించగలదు. మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు ‘ఇఫ్ ఐ యామ్ సెలెక్టెడ్, ఐ విల్’ అని మొదలుపెట్టండి. ఎదుటివారిని ఏదైనా కోరేటప్పుడు ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్’ అన్న ఎడంతో కూడిన రూపం వాడండి. మొదటిది ధీమా, రెండోది వినయం. రెండింటికీ ఒకే వ్యాకరణ సూత్రం పనికివస్తోంది.

ఈ ఎంపిక ఎంత బరువైనదో హెచ్చరికలలో బాగా కనిపిస్తుంది. కళింగపట్నం తీరంలోని మత్స్యకారుల కోసం ఆంగ్లంలో ప్రకటన రాయవలసి వచ్చిందనుకోండి. ‘ఇఫ్ ది సైక్లోన్ క్రాసెస్ ది కోస్ట్ హియర్, ది సీ విల్ ఎంటర్ ది విలేజెస్’ అని రాయాలి. ‘ఇఫ్ ది సైక్లోన్ క్రాస్డ్ ది కోస్ట్ హియర్, ది సీ వుడ్ ఎంటర్ ది విలేజెస్’ అని రాస్తే వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు, కానీ తుపాను ఇటు రాకపోవచ్చన్న భావం చదివేవారి మనసులో నాటుకుంటుంది. ప్రాణాలకు సంబంధించిన చోట అటువంటి సడలింపు ఉండకూడదు. మీరు రేపు ఉపాధ్యాయులైనప్పుడు పిల్లలకు ఏది తప్పు, ఏది ఒప్పు అన్నదానితో ఆగకుండా, ఏ రూపం వినేవారికి ఏమి తెలియజేస్తుందో కూడా చెప్పమని కోరుతున్నాను.

ప్రశ్న: ‘సపోజ్ ఇఫ్ ఇట్ రెయిన్స్’, ‘అన్‌లెస్ యు డోంట్ కమ్’ అని నేను మాట్లాడితే స్నేహితులు సరిచేస్తున్నారు. వీటిలో తప్పేమిటి?
– ఉద్యోగార్థి, సాలూరు

జవాబు: ‘సపోజ్’ అన్నా ‘ఇఫ్’ అన్నా ఇక్కడ పని ఒకటే, కాబట్టి రెండింటిలో ఒకదానిని తీసివేయండి. ‘వాన పడిందనుకో’ అని మొదలుపెట్టి మాట్లాడే మన అలవాటే అక్కడ ‘సపోజ్’ను తెచ్చిపెడుతోంది. ‘సపోజ్ ఇట్ రెయిన్స్’ అని వదిలేసినా చక్కని ఆంగ్లమే.

రెండో వాక్యంలో ‘అన్‌లెస్’ లోపలే ‘కాకపోతే’ అన్న నిషేధం ఉంది. ‘మీరు రాకపోతే మేము వెళ్లం’ అన్న మాటకు ‘అన్‌లెస్ యు కమ్, వి విల్ నాట్ గో’ అంటే చాలు. ‘డోంట్’ చేర్చితే నిషేధం రెండుసార్లు పడి అర్థం తలకిందులవుతుంది. ఇందులో ఒక జాగ్రత్త కూడా అవసరం. ‘అన్‌లెస్’ను జరగని పనుల ఊహలకు వాడకండి. ‘నువ్వు సాయం చేయకపోయి ఉంటే నేను రైలు అందుకునేవాణ్ణి కాదు’ అన్నదానికి ‘ఇఫ్ యు హ్యాడ్ నాట్ హెల్ప్‌డ్ మి, ఐ వుడ్ నాట్ హావ్ కాట్ ది ట్రెయిన్’ అనే రాయాలి, ‘అన్‌లెస్’ అక్కడ పొసగదు. ఇక ‘వాన పడినా వస్తాను’ వంటి వాక్యాలలో ‘ఇఫ్’ ఒక్కటే సరిపోదు, ‘ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ కమ్’ అని ‘ఈవెన్’ తప్పకుండా చేర్చాలి. అది లేకపోతే వాన పడితేనే వస్తారని అవతలివారు అనుకునే ప్రమాదం ఉంది.